గాదె, పాతర, జాడీ: ఇంటి తిండి నిల్వల కథ

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, సంధులు అని బడిలో చదువుకున్నాం. యుద్ధాల గురించి రాయడానికి మన సంఘంలో నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. నేను ఇంటర్మీడియట్ అయ్యాక 1988లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో స్టోర్ కీపర్‌గా చేరి, 2016లో సుబేదారుగా పెన్షన్ వచ్చాను. 28 ఏళ్ళ సర్వీసులో సగానికి పైగా బియ్యం బస్తాలు, ఆటా బస్తాలు, పప్పులు, నూనె టిన్నుల మధ్యనే గడిచింది. కాబట్టి నాకు తెలిసిన చరిత్ర తిండి గింజల చరిత్ర. అది కూడా వండే చరిత్ర కాదు, దాచే చరిత్ర.

వంటల పుస్తకాలు ఇప్పుడు బోలెడు వస్తున్నాయి. గుత్తి వంకాయ ఎలా చెయ్యాలి, పులిహోరలో పోపు ఎప్పుడు వెయ్యాలి, అన్నీ వివరంగా రాస్తున్నారు. కానీ ఆ వంకాయ లేని రోజుల్లో, పాత పంట అయిపోయి కొత్త పంట ఇంటికి రాని శ్రావణ భాద్రపదాల్లో ఆ ఇంట్లో ఏం తిన్నారు? ఈ ప్రశ్నకి జవాబు వంటగదిలో దొరకదు. గాదె దగ్గర, పాతర దగ్గర, అటక మీద జాడీల దగ్గర దొరుకుతుంది. నన్నడిగితే మన ఇళ్ళలో తిండి చరిత్ర అంతా ఇదే. ఎవరి ఇంట్లో ఎన్ని నెలలకు నిల్వ ఉంది, ఎవరి ఇంట్లో లేదు అన్నదే.

మాది గిద్దలూరు వైపు ఒక మెట్ట ఊరు. పడమర నల్లమల. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వేసినప్పుడు మా తాలూకా అందులో కలిసింది. విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు కింద వరి పండుతుంది. ఆ నీళ్ళు అందని మా లాంటి ఊళ్ళలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, ఆరిక. నా చిన్నతనంలో, అంటే 1970ల్లో, వరన్నం మూడు సందర్భాల్లో వండేవాళ్ళు: పండక్కి, చుట్టం వస్తే, ఎవరికైనా జ్వరం వస్తే. జ్వరం వచ్చిన పిల్లాడి మీద మిగతా పిల్లలకి కుళ్ళుగా ఉండేదంటే మీరు నవ్వుతారేమో గానీ నిజం. మామూలు రోజుల్లో పొద్దున సద్ది సంగటిలో మజ్జిగ పోసుకుని, ఎర్రగడ్డ కొరుక్కుని, ఊరిబిండి నంజుకుని చేలోకి పోవడం. రాత్రికి కొర్ర బువ్వ, పప్పో పుల్లకూరో. అంతే.

ఇంట్లో ఒక మూల గాదె ఉండేది. కందికట్టెతో గుండ్రంగా అల్లి, లోపలా బయటా పేడ, మట్టి కలిపి మెత్తి, ఎండబెట్టి, మళ్ళీ మెత్తి చేసినది. నేల తేమ తగలకుండా నాలుగు రాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. పైనుంచి గింజలు పోస్తారు. అడుగున పిడికిలి పట్టేంత కంత, దానికి గుడ్డ ముక్క కుక్కి ఉంటుంది. తీసేటప్పుడు ఆ కంతలోంచే తీస్తారు. కృష్ణా, గోదావరి జిల్లాల మిత్రులు వాళ్ళ వైపు గడ్డి మోకు చుట్టలు చుట్టలుగా పేర్చి కట్టే పురి గురించి చెప్తారు. కొన్ని చోట్ల గుమ్మి అంటారు. పేరు ఏదైనా పని ఒకటే.

బెంగళూరులో ట్రైనింగ్‌లో మాకు మొదటి వారంలోనే ఒక పాఠం చెప్పారు. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి, ఫస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్. బస్తాలు నేల మీద పెట్టకూడదు, చెక్క దిమ్మెల మీద పేర్చాలి, గోడకి ఆనకూడదు, మధ్యలో గాలి ఆడాలి. గింజలో తేమ 14 శాతం దాటితే పురుగు, బూజు పడతాయి. ఉస్తాద్ హిందీలో చెప్తుంటే నాకు మా గాదె కళ్ళ ముందు కనపడింది. పైనుంచి పోసి కిందనుంచి తీస్తే పాత గింజే ముందు వస్తుంది కదా! రాళ్ళ మీద నిలబెట్టడం చెక్క దిమ్మెల పనే కదా! తేమ చూసే మీటరు మా జేజి దగ్గర లేదు. రెండు జొన్న గింజలు పంటి కింద వేసుకునేది. కటుక్కున విరిగితే గాదెలోకి, మెత్తగా నలిగితే ఇంకో రెండు రోజులు ఎండకి. మేము డిపోలో బస్తాలోకి పర్ఖీ గుచ్చి నమూనా తీసి, రిజిస్టర్‌లో రాసి, సంతకం పెట్టి చేసే పని ఆమె పంటితో చేసేది. రిజిస్టర్ మాత్రం లేదు. అందుకే ఆమె చరిత్ర ఎక్కడా రాయబడలేదు.

ప్రతి గింజకి ఒక లెక్క. కందులకి ఎర్రమట్టి నీళ్ళు పట్టించి ఎండబెట్టి దాచేవాళ్ళు, పురుగు పట్టదు. పప్పుకి చేతికి ఆముదం రాసుకుని పులిమేవాళ్ళు. విత్తనాలకి బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతి మట్టితో మూసేసేవాళ్ళు. చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి ముద్దలు చేసి కుండలో తొక్కితే రెండేళ్ళయినా ఉంటుంది, రంగు నల్లబడుతుంది అంతే. మంచి జొన్న కంకులు, మొక్కజొన్న పొత్తులు పొయ్యి పైన దూలానికి వేలాడదీసేవాళ్ళు. పొగ తగిలి పురుగు చేరేది కాదు. అవి తినడానికి కాదు, మరుసటి ఏడు విత్తడానికి. ఎంత ఆకలి వేసినా ఆ కంకి మీద చెయ్యి వెయ్యకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

కూరగాయల సంగతి ఇంకా గొప్పది. ఎండాకాలం మిద్దె మీద వరుగులు: వంకాయ, గోరుచిక్కుడు, దోస, మామిడి. బూడిద గుమ్మడి వడియాలు. ఉప్పులో, మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టిన మిరపకాయలు. అటక మీద ఊరగాయ జాడీలు, వాసెన కట్టి. తడి చెయ్యి పెడితే అమ్మ వేళ్ళ మీద కొట్టేది. పాలు, పెరుగు దుత్తలు ఉట్టి మీద. నీళ్ళు చెరువువి. వానాకాలం బురదగా ఉంటే చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవాళ్ళు, తెల్లారేసరికి మడ్డి అడుగున, పైన తేట నీరు. మూడు నెలల ఎండలో తొమ్మిది నెలల తిండి తయారయ్యేది.

ఇదే పని నేను లడఖ్‌లో చూశాను. శీతాకాలంలో మంచు పడి జోజిలా దారి మూసుకుపోతుంది కాబట్టి, అక్టోబరు లోపలే చలి నెలలకి కావలసిన సరుకంతా పైకి చేరవెయ్యాలి. దానికి అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అని పేరు. ఎన్ని కాన్వాయ్‌లు, ఎన్ని లెక్కలు, ఎంతమంది ఆఫీసర్లు! సప్లై డిపోలో రాత్రింబగళ్ళు పనిచేస్తూ అనుకునేవాణ్ణి, మా అమ్మ ఏటా వేసవిలో ఒక్కతే చేసేది ఇదేగా అని. అక్కడి లడఖీ ఇళ్ళవాళ్ళు ముల్లంగి, క్యారెట్, బంగాళాదుంప గొయ్యి తీసి పూడ్చిపెట్టుకుని చలికాలమంతా తీసుకుని తింటారు. ఆకుకూర ఎండబెట్టుకుంటారు. బార్లీ వేయించి పిండి చేసి దాచుకుంటారు. భాష తెలియకపోయినా ఆ ఇంటి ముసలమ్మ గొయ్యి చూపిస్తే నాకు ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేకపోయింది. మా ఊళ్ళో దాన్ని పాతర అంటాం.

పాతర గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలు అది చూడలేదు. నీళ్ళు నిలవని గరుసు నేల చూసి, మూతి ఇరుగ్గా, లోపల కుండలా వెడల్పుగా గొయ్యి తవ్వుతారు. లోపల చొప్ప, గడ్డి తగలబెట్టి గోడలు కాలుస్తారు. తర్వాత అడుగునా పక్కలా చొప్ప పరిచి జొన్నలు నింపుతారు. పైన మళ్ళీ గడ్డి, దాని మీద బండ, బండ మీద మట్టి దిబ్బలా పోసి వాన నీరు జారిపోయేటట్టు చేస్తారు. పుట్లకొద్దీ గింజలు పట్టే పాతరలు ఉండేవి. పుట్టి అంటే 20 తూములు. లోపల గింజలు, పురుగులు ఉన్న గాలిని వాడేసుకుంటాయి. ఆ తర్వాత పురుగు బతకలేదు. మా డిపోల్లో టార్పాలిన్ కప్పి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టి పురుగుని చంపేవాళ్ళం. పాతరలో మందు లేకుండా అదే పని జరిగేది.

అందుకే పాతర తెరవడం ప్రమాదం. మూత తీసి, చాలాసేపు గాలి పోనిచ్చి, దీపం తాడు కట్టి లోపలికి దించుతారు. దీపం కొండెక్కితే మనిషి దిగకూడదు. తొందరపడి దిగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ కథలు మెట్ట ఊళ్ళలో చెప్తూనే ఉంటారు. ఇంకో సంగతి. పాతరలో మధ్యలో ఉన్న గింజ బాగుంటుంది. అడుగునా పక్కలా ఉన్నది తేమ తగిలి ముక్కిపోయి, రంగు మారి, ఒక రకం వాసన వేస్తుంది. ఆ ముక్కిన జొన్నలు ఎవరు తినేవారు? కూలికి కొలిచేవాళ్ళు. మా జేజి చిన్నప్పుడు వాళ్ళ నాయనకి కూలి కింద కొలిచినవి అవేనట. ఎంత కడిగినా, ఎంత వేయించినా వాసన పోయేది కాదని చెప్పేది. పాతర గొప్పతనం గురించి ఎవరైనా పొగుడుతూ మాట్లాడితే నాకు ఆ మాట గుర్తొస్తుంది. పాతర ఉన్నవాడికి ఒక చరిత్ర, పాతర తవ్వి నింపినవాడికి ఇంకో చరిత్ర.

కరువు వస్తే ఈ తేడా చావు బతుకుల తేడా అయ్యేది. మన వైపు పెద్దలు కరువులని తెలుగు సంవత్సరాల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. 1876-78లో వచ్చింది ధాత కరువు. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. అప్పుడు కరువు పనులు పెట్టారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి ఖర్చు తగ్గించమని మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. దాంతో రోజంతా మట్టి మొయ్యాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది చాలదని గట్టిగా వాదించాడు, తర్వాత మద్రాసు ప్రభుత్వం పెంచింది. రేషన్ తూచి ఇచ్చిన మనిషిగా చెప్తున్నాను, కాగితం మీద ఎవరో ఒక అంకె మారిస్తే అవతల మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో తక్కెడ దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది.

మా గిద్దలూరు, కంభం వైపు నుంచి ఇంతమంది పట్టాళానికి ఎందుకు పోయారని అప్పుడప్పుడు అడుగుతుంటారు. వీరత్వం అని జవాబు చెప్పవచ్చు, వినడానికి బాగుంటుంది. నిజంగా వీరులూ ఉన్నారు. కానీ మా జేజి జవాబు వేరు: "మూడు పూట్లా కూడు పెడతారంట, పోనీ" అనేది. నెలనెలా వచ్చే మనీయార్డరు, గాదె లేని ఇంటికి గాదె అయింది.

ఈ నిల్వ తిండి ఎంత పాతది అని చూస్తే పుస్తకాల్లోనూ సాక్ష్యం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దం మొదట్లో రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం పెట్టాడో వర్ణించాడు. ముసురు పట్టిన వానాకాలంలో వడియాలు, వరుగులు, పెరుగు వడ్డించాడు. వేసవిలో పలుచని అంబలి, నీరుమజ్జిగ, ఊరవేసిన మామిడి పిందెలు. చలికాలంలో మిరియాల పొడి వేసిన కూరలు, ముక్కుకి ఘాటు తగిలే ఆవపచ్చళ్ళు. అంటే 500 ఏళ్ళ నాడు కూడా వాన రోజుల్లో పెద్దింటివాళ్ళు సైతం వరుగులే తిన్నారు. ఇందులో ఇంకో విశేషం గమనించండి. మిరియం ఉంది, ఆవ ఉంది, మిరపకాయ లేదు! మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చిన పంట. వాళ్ళు 1498లో కాలికట్‌లో దిగిన తర్వాతే మనకి చేరింది. మిరియం పేరే దీనికీ కొంచెం మార్చి పెట్టుకున్నాం. వేరుశనగ కూడా ఆ ఖండానిదే. టమాటా సరేసరి, మా చిన్నప్పుడు కోస్తా వాళ్ళు దాన్ని రామములగ అనేవాళ్ళు. గుంటూరు కారం, వేరుశనగ నూనె లేకుండా ఊరగాయ ఊహించలేం గానీ, మన తాతల తాతలు ఆ రెండూ లేకుండానే మామిడికాయ ఊరబెట్టారు. ఎర్రటి ఆవకాయ అనాదిది అనుకునేవాళ్ళకి ఇది మింగుడు పడదు.

జొన్నకూడు మీద చిన్నచూపు కూడా పాతదే. పల్నాటి జొన్నకూడు తినలేక విసుక్కున్నట్టు చెప్పే చాటుపద్యాలు శ్రీనాథుడి పేరు మీద ప్రచారంలో ఉన్నాయి. ఆయన సన్నబియ్యం అలవాటైన మహాకవి, విసుక్కున్నాడు. ఆ జొన్న తిని పొలం దున్నినవాళ్ళు పద్యాలు రాయలేదు.

నిల్వకి ప్రాణం ఉప్పు. ఆవకాయ పెట్టేవాళ్ళు చెప్పే లెక్కలో ఆవపిండి, కారం, ఉప్పు ఒకే కొలత. ఊరగాయ, చింతపండు, వరుగు, వడియం, చేప, అన్నిటికీ ఉప్పే. తెల్లదొర ఆ ఉప్పు మీద పన్ను వేశాడు. 1923లో మణుగుకి ఒకటింపావు రూపాయి ఉన్న పన్నుని రెండున్నర చేసి, గొడవ అయ్యాక మరుసటి ఏడు మళ్ళీ తగ్గించారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు ఒంగోలు దగ్గర దేవరంపాడు శిబిరం ప్రసిద్ధి. గాంధీజీ ఉప్పునే ఎందుకు ఎంచుకున్నాడు అని పరీక్షల్లో ప్రశ్న వస్తుంది. ఊరగాయ జాడీ ఉన్న ప్రతి ఇంటికీ జవాబు తెలుసు. ఆ పన్ను 1947లో పోయింది.

ఇక సిపాయి తిండి. మొదటి ప్రపంచ యుద్ధం దాకా మన సిపాయి శాంతి సమయంలో తన జీతంలోంచే గింజలు కొనుక్కుని తనే వండుకునేవాడు. ఉచిత రేషన్ 1917లో మొదలైంది. దానికి ముందే ఒక పెద్ద దెబ్బ తగిలింది. మెసపొటేమియాలో, ఇప్పటి ఇరాక్‌లో, కుట్ అనే పట్నంలో 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా మన సైన్యం ముట్టడిలో చిక్కుకుంది. చుట్టూ శత్రువు, లోపల నిల్వ తరిగిపోతోంది. కూరగాయ లేదు, ఊరగాయ లేదు. గుర్రం మాంసం తినడానికి మనవాళ్ళలో చాలామంది చాలాకాలం ఒప్పుకోలేదు. చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు వందలమందిని పడగొట్టింది. చివరికి ఏప్రిల్ 29న లొంగిపోయారు. ఆ యుద్ధం తర్వాతే మన చింతపండు, ఆమ్‌చూర్‌లో స్కర్వీని ఆపే గుణం ఎంత ఉందో లండన్‌లో హారియెట్ చిక్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు పరీక్షించి 1919లో ప్రచురించారు. కొంత ఉంది గానీ తాజా నిమ్మరసంతో సమానం కాదని తేల్చారు. మొలకెత్తిన పప్పుల్లో బాగా ఉందని కూడా వాళ్ళే చూపించారు. నిల్వకి ఉన్న హద్దు ఇది. గాదె కడుపు నింపుతుంది గానీ పచ్చి ఆకు లేకపోతే ఒళ్ళు నిలవదు. మెట్ట ఊళ్ళో వాన పడగానే గట్ల మీద మొలిచే దొగ్గలికూర, పొన్నగంటికూర కోసం ఆడవాళ్ళు ఎందుకు పరిగెత్తేవారో నాకు ఇది చదివాకే అర్థమైంది.

యుద్ధం మన ఇళ్ళకి టీ తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిల దగ్గరికి టీ బోర్డు వాళ్ళ టీ బళ్ళు వచ్చేవి. పట్టాళంలో అలవాటైన టీ సెలవుకి వచ్చినప్పుడు ఇంటికొచ్చింది. మా వీధికి టీ పొడి మొదట వచ్చింది ఒక హవల్దారు తాత నల్ల ట్రంకు పెట్టెలోనే. అప్పటిదాకా పొద్దున తాగేది మజ్జిగ, అంబలి. మొదట్లో టీ జలుబు మందులా తాగారు, తర్వాత అంబలి పోయింది, టీ మిగిలింది. ఇది మంచి బేరం కాదని నా అభిప్రాయం. ఇది రాస్తూ టీ తాగుతున్నాను, అది వేరే విషయం.

పెట్టె వచ్చేటప్పుడు టీ, తిరిగి పోయేటప్పుడు ఊరగాయ. సెలవు అయిపోయి బయల్దేరే ప్రతి తెలుగు జవాను పెట్టెలో ఒక సీసా తప్పనిసరి. నూనె కారకుండా మూతికి గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద దారం. అయినా కారేది. యూనిఫారం మీద ఎర్ర మరకతో రిపోర్ట్ చేసినవాళ్ళు మనలో ఎంతమంది! లేహ్ పదకొండున్నర వేల అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. చలికి నూనె గడ్డకట్టి సీసాలో ఊరగాయ రాయి అయ్యేది. బుఖారీ పక్కన పెట్టి కరిగించి, లంగర్ దాల్-చావల్‌లో ఒక ముక్క వేసుకుంటే బారక్ అంతా చేరేది. పంజాబీ, గఢ్వాలీ, అస్సామీ అందరూ. మైసూరులో 1961లో పెట్టిన డిఫెన్స్ ఫుడ్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ళు నెలల తరబడి పాడవని చపాతీలు, వేడి చేసుకుని తినే పొట్లాలు కనిపెట్టారు. గొప్ప పని, మేము తిని బతికాం. కానీ నీటి తడి లేకుండా, ఉప్పు, పులుపు, నూనె కింద దాస్తే తిండి పాడవదనే సూత్రం మా అటక మీద ముందే ఉంది.

మరి గాదె ఎప్పుడు పోయింది? ఒక్క రోజులో పోలేదు. 1942లో బర్మా జపాను చేతికి పోయి రంగూన్ బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడు బెంగాల్‌లో కరువు. అప్పటినుంచి రేషన్ అన్న మాట సామాన్యుడి నోట్లోకి వచ్చింది. 1965లో ఫుడ్ కార్పొరేషన్ వచ్చి దేశం మొత్తానికి ఒక పెద్ద గాదె కట్టింది. 1967లో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 వరి పండించి పేరు తెచ్చుకున్నారు. మారుటేరులో పుట్టిన స్వర్ణ 1982లో, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి 1986లో రైతుల చేతికి వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. మా ఊళ్ళో కొర్ర, వరిగ పండించడం మానేసింది ఆ తర్వాతే. బస్తా తెస్తే చాలు, గాదెతో పనేముంది? ఆ గాదె కందికట్టె ఒక సంక్రాంతి ముందు భోగి మంటలోకి పోయింది.

దీన్ని తప్పుపట్టేవాళ్ళతో నేను పూర్తిగా ఏకీభవించను. కొర్రలు, వరిగలు, ఆరికలు దంచడం అంటే ఏమిటో తెలుసా? ఆరికకి పొట్టు పొర మీద పొర. తెల్లవారుజామున ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళు పట్టుకుంటే ఆ పూటకి సరిపడా బియ్యం తేలేవి. మా అమ్మ అరచేతుల కాయలు నేను చూశాను. రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆమె రోకలి గోడకి ఆనించి మళ్ళీ ముట్టుకోలేదు. "మీ జేజి దంచింది, నేను దంచినా, నా కోడలు దంచకూడదు" అనేది. 1999లో దీపం పథకం కింద గ్యాస్ ఇచ్చినప్పుడు కూడా మొదట సంతోషించింది ఆమే, కళ్ళ మంట పోయింది కాబట్టి. పొగ పోయాక దూలానికి వేలాడే విత్తనపు కంకులకీ చోటు పోయింది, విత్తనం అంగడి నుంచి రావడం మొదలైంది. ఫ్రిజ్ వచ్చాక సద్ది అనే మాటే మారిపోయింది. రాత్రి మిగిలిన అన్నం మజ్జిగ పోసి పులియబెట్టుకుని తినేది కాస్తా, డబ్బాలో చల్లగా కూర్చుని మూడో రోజు చెత్తబుట్టలోకి పోతోంది.

నేను సర్వీసులో ఉన్న 28 ఏళ్ళలో ఇష్యూ చేసింది బియ్యం, ఆటా. జొన్న, సజ్జ, రాగి ఇష్యూ చెయ్యలేదు. గోధుమ పిండి కోసం వాటిని రేషన్‌లోంచి ఎప్పుడో తీసేశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లో, మార్చి నెలలో, అర్ధ శతాబ్దం పైగా గడిచాక మళ్ళీ జవాన్ల రేషన్‌లో సజ్జ, జొన్న, రాగి పిండి చేరుస్తున్నట్టు ఆర్మీ ప్రకటించింది. బియ్యం, ఆటా కోటాలో 25 శాతం దాకా తీసుకోవచ్చు. ఆ వార్త చూసి అమ్మకి చదివి వినిపించాను. ఆమె వయసు 80 దాటింది, వినికిడి తగ్గింది. రెండు సార్లు చెప్పించుకుని, "దంచేదెవరు?" అని అడిగింది. మిషన్లు ఉన్నాయమ్మా అన్నాను. "అట్లయితే సరే" అంది.

ఇప్పుడు మా ఆవిడ సూపర్ మార్కెట్ నుంచి కొర్రలు తెస్తుంది, కిలో పొట్లంలో, సోనా మసూరి కంటే ఎక్కువ ధర పెట్టి. కొర్రలు కూడా బియ్యంలాగే పురుగు పడతాయి, ఇంకా తొందరగా. డబ్బా అడుగున నాలుగు వేపాకులు వెయ్యమని చెప్తే ఆకు ఎక్కడ దొరుకుతుంది అంది. మేముండే అపార్ట్‌మెంట్ వెనక పార్కింగ్ గోడ పక్కన ఒక వేపచెట్టు ఉంది. నెలకోసారి వాకింగ్‌కి పోయినప్పుడు ఒక మండ విరుచుకొస్తున్నాను. మన సంఘ సభ్యుల్లో శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఆదిలాబాద్ నుంచి నల్గొండ దాకా అన్ని జిల్లాలవాళ్ళూ ఉన్నారు. మీ మీ ఇళ్ళలో గాదెని ఏమనేవారు, పాతర ఉండేదా, ఏ గింజకి ఏం కలిపేవారు అన్నది ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసి పంపితే, వచ్చే సంచికలో ఇంకో నాలుగు పేజీలకి సరుకు దొరుకుతుంది.